నిలబెట్టిన సీసా

సీసా బల్ల మీద ఉంది. దాని ఎదురుగా ముక్కాలి పీట మీద ఇశ్రాయేలు ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని చూస్తున్నారో చెప్పడం కష్టం. గోడ అవతల గుడిలో ఫాదర్ ఇన్నయ్య పాపసంకీర్తనాలు వింటున్నారు, ఒక్కొక్కరే వెళ్లి చెక్క జాలీ దగ్గర మోకరించి ఏదో చెప్పుకుంటున్నారు, ఆ గుసగుస ఈ పూజసామాన్ల గదిలోకి నీళ్లు రాని నల్లాలో గాలి చప్పుడులా వస్తోంది, మాట తెలియదు, ఊపిరి మాత్రం తెలుస్తుంది. అందరిదీ అయ్యేసరికి గంట పడుతుంది. ఆ గంటలో అతడు ఈ ఫ్రెంచి సీసా మూత తీయాలి, చూడాలి, వాసన పట్టాలి, నాలుక మీద వేసుకోవాలి, లోపలిది బాగుందో చెడిపోయిందో తేల్చాలి. బాగుంటే ఈ సాయంత్రం, అతడి భార్య లీలమ్మ పోయి నెల తిరిగిన రోజున, ఆమె నెలదినం పూజ జరుగుతుంది. చెడిపోతే జరగదు. పోయిన వారం రైళ్లు ఆగిపోకుండా ఉంటే ఈ తంటా లేదు, బెంగుళూరు నుంచి రావలసిన పూజ ద్రాక్షరసం పార్సిల్ రైల్వే సమ్మెలో ఏ ఊళ్లో ఏ డబ్బాలో ఇరుక్కుందో ఎవరికీ తెలియదు, పోయిన ఆదివారం గిన్నెలో పోసిందే అడుగు, మిగతా గుళ్లలో అడిగితే మా ఆదివారాలకే చాలీచాలకుండా ఉందన్నారు. ఇక మిగిలింది ఇక్కడి పాత గురువు పియేర్ స్వామి వదిలి వెళ్లిన ఈ ఒక్కటే. మధ్యాహ్నం ఫాదర్ తుమ్మి, ముక్కు తుడుచుకుని, మళ్లీ తుమ్మి చెప్పారు. "ఇశ్రాయేలు గారూ, నేనేమో ఉపవాసంలో ఉన్నాను, పైగా ఈ జలుబుకి నా ముక్కు చచ్చిపోయింది. ఇన్నేళ్లుగా పూజకు పోస్తున్నవారు, మీకంటే ఎవరికి తెలుస్తుంది? రుచి చూసి చెప్పండి. వెనిగర్ అయిపోతే మాత్రం బలిపీఠం మీద పెట్టకండి. అది ద్రాక్షరసం కాదు, దాంతో చేసిన పూజ పూజ కాదు." ఇశ్రాయేలు తల ఊపాడు. తల ఊపడం అతడికి వచ్చిన పనుల్లో మొదటిది.

వెనిగర్ అంటే సిర్కా. అంతవరకు తెలుసు. తెలియనిది ఫాదర్‌కే. ఏళ్ల తరబడి చిన్న గాజు కూజాలో ద్రాక్షరసం పోసి పీఠం దగ్గరికి మోసినవాడు దాన్ని ఒక్క చుక్క కూడా నోట వేసుకోలేదని ఆయనకు ఎవరు చెప్పాలి? జనానికి నాలుక మీద అప్పం పెడతారు, గిన్నెలోది స్వామి ఒక్కరే తాగుతారు, పోసేవాడికి పోయడమే. మిఠాయి కొట్టువాడికి చక్కెర జబ్బు ఉన్నట్టు. పోసేటప్పుడు అతడు ఊపిరి బిగబట్టేవాడు, అది కూడా ఎవరికీ తెలియదు, లీలమ్మకు తప్ప. లీలమ్మ ఈ గది ఊడ్చేది, పీఠం గుడ్డలు ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసేది, అదిగో ఆ కిటికీ దగ్గర నిలబడి మడతలు పెట్టేది, మడత పెడుతూనే ఓరకంట అతడి చేతిలో కూజాను చూసేది. ఏమీ అనేది కాదు. అనకపోవడంలో ఆమెను మించినవాళ్లు సంతోష్‌నగర్‌లోనే లేరు.

అడిగింది ఒక్కటే. జ్వరంలో, మాట పడిపోకముందు, అతడి చొక్కా గుండీ పట్టుకుని, "నెలదినం పూజ పెట్టియ్యి. తారీఖు దాటియ్యకు. నీకు దాటిచ్చుడు అలవాటు," అంది. అలవాటే మరి. పెళ్లయిన కొత్తలో ఏటేటా పెట్టే నుమాయిష్ చూపిస్తానని మూడు నుమాయిష్‌లు దాటించాడు, రేకులు వేయిస్తానని వానాకాలాలు దాటించాడు, ఆమె తల్లి మట్టికి పొద్దున్నే వస్తానని పొద్దుగూకాక తూలుతూ చేరాడు, అప్పటికి అందరూ సమాధుల దొడ్డి నుంచి తిరిగి వస్తున్నారు, లీలమ్మ ఎదురుపడి అతడిని దాటుకుని పోయింది. చచ్చినవాళ్ల ఆత్మ ఉత్తరించు స్థలంలో ఆగి ఉంటుందని, భూమ్మీద తనవాళ్లు పెట్టించే పూజే దాన్ని పైకి జరుపుతుందని ఆమె నమ్మింది. ఆమె నమ్మింది కాబట్టి అతడూ నమ్మాడు. ఆ చోటు ఎలా ఉంటుందో అతడికి తెలియదు, దబీర్‌పురా స్టేషన్ ప్లాట్‌ఫారంలా ఉంటుందనుకుంటాడు, సిమెంటు బెంచీ, పక్కన మూట, రైలు ఎటు నుంచి వస్తుందోనని అటే చూస్తూ లీలమ్మ. ఇవాళ నెలదినం. ఈ ఒక్క తారీఖు దాటకూడదని అతడు ఈ నెలంతా దేవుడిని అడిగాడు, ఫాదర్‌ని అడిగాడు, ఆఖరికి రైల్వేవాళ్లను కూడా మనసులోనే అడిగాడు.

మొదట కన్ను, అన్నాడు ఆనాడు పియేర్ స్వామి. ఫ్రాన్సు నుంచి వచ్చిన మనిషి, గడ్డం, రబ్బరు చెప్పులు, బైబిల్లోంచి ఊడిపడ్డ తెలుగు. తాను గురువైన పాతికేళ్ల పండగకి వాళ్ల అన్న సొంత తోటలోది రెండు సీసాలు పంపాడు, ఒకటి ఆ రోజే ఈ బల్ల మీదే తీశారు. స్టీలు గ్లాసులో పోసి కిటికీ వెలుతురుకి పట్టి, "ఇశ్రాయేలూ, మొదట కన్ను. పిమ్మట ముక్కు. నాలుక చివర. ఎందుకనగా నాలుక తనకు కావలసినది చెప్పును," అన్నాడు. లీలమ్మ గుమ్మంలో నిలబడి గ్లాసులోకి తొంగి చూసి, "రక్తం ఎర్రగుండాలె గద స్వామీ, గిదేంది, గంజినీళ్ల లెక్క?" అంది. స్వామి నవ్వి, "లీలమ్మా, రంగు మన కన్నుల కొరకు, దేవుని కొరకు కాదు. మరియు తెల్లది గుడ్డకు మరక చేయదు," అన్నాడు. మొదటి మాట ఆమెకు ఎక్కిందో లేదో గానీ రెండోది బాగా ఎక్కింది, ఎర్రదాని మరక నిమ్మకాయతో రుద్ది రుద్ది ఆమె గోళ్లు అరిగాయి. స్వామి గ్లాసును మెల్లగా తిప్పి, కళ్లు మూసుకుని, ముక్కు పెట్టి, చాలాసేపు ఊరికే ఉండి, వానపడిన సున్నపురాయి, అప్పుడే కోసిన ఆపిల్ పండు, మా అమ్మ వంటగది, అని చెప్పుకుంటూ పోయాడు, చెబుతూ ఉంటే గొంతు మారింది, ఆ మనిషి ఇక్కడ లేడు, ఏ గుట్ట వాలులోనో, మంచులో, తన అన్న వెనకాల నడుస్తున్నాడు. కళ్లు తెరిచి గ్లాసు ఇటు జరిపి, ఒక చుక్క, అన్నాడు. ఇశ్రాయేలు గుమ్మం వైపు చూశాడు. లీలమ్మ గుడ్డ మడత పెట్టడం ఆపింది. వద్దు స్వామీ, అన్నాడు. ఆ రోజు ఇంట్లో ఆమె ఆ సంగతే ఎత్తలేదు, పళ్లెంలో ఇంకో మాంసం ముక్క వేసింది, అతడు వద్దన్నా వేసింది.

ఇప్పుడు కిటికీలో మే నెల ఎండ అలాగే ఉంది. సీసాను ఎత్తి పట్టాడు. కాగితం మీద బొమ్మ, ఒక ఇల్లు, వెనక గుట్ట, కింద అతడు చదవలేని అక్షరాలు. లోపలిది ఆనాటి గంజినీళ్ల రంగులో లేదు. చాయ్ రంగుకి దగ్గరగా వచ్చింది, పాలు పోయని చాయ్. మట్టం కూడా దిగింది, మెడ నిండా ఉండవలసింది భుజం దాకా జారింది. మూసిన సీసాలోంచి ఎవరు తాగారు? నీళ్లయితే అతడు ఇట్టే చెప్పేవాడు. మీర్ ఆలం చెరువు దగ్గర ఫిల్టర్ బెడ్ల మీద ఎన్నేళ్లు పనిచేశాడు, దోసిట్లో పట్టుకుంటే చాలు, బ్లీచింగ్ ఎక్కువైందో తక్కువైందో, చెరువు అడుగు కదిలిందో తెలిసిపోయేది. ఇసుక లోంచి తేటగా దిగే నీళ్లను పొద్దంతా చూసి, డ్యూటీ దిగాక కిషన్‌బాగ్ కల్లు కాంపౌండుకు పోయేవాడు. పొద్దంతా తేట నీళ్లు, సాయంత్రమైతే తెల్లటి మబ్బు నీళ్లు, ఆపైన గుడుంబా. అక్కడి వేప నీడ, ఉడకబెట్టిన శనగలు, పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి ఏడ్చే పక్కవాడు, ఎవరి కోసం ఏడుస్తున్నాడో ఇద్దరికీ తెలియదు. అదంతా కన్ను చూడటం కాదు, కన్ను పారిపోవడం. అతడు దాన్ని వెనక్కి తెచ్చుకుని సీసా మీద పెట్టాడు. ముదురు రంగు. పాతబడితే రంగు ముదురుతుందేమో, మంచిదే అలా ముదురుతుందేమో, తేనె ముదరదా, నెయ్యి ముదరదా. కన్నుకి తెలియలేదు, లేదా తెలుసుకోవాలని లేదు.

బిరడా తీసే మర మేకు స్వామి పట్టుకుపోయాడు. అతడు తన పనిసంచీలోంచి ఒక స్క్రూ, ప్లయర్ తీశాడు. స్క్రూ దిగుతుంటేనే చెయ్యికి తెలిసిపోయింది, కింద పట్టు లేదు, పొడి పొడిగా దిగుతోంది, లాగితే సగం బిరడా పొట్టుగా రాలి బల్ల మీద పడింది, మిగతా సగం సీసా మెడలో గోడకు అంటకుండా వదులుగా ఉంది. ఎండిపోయింది. నల్లాలో తోలు వాషర్ ఇలాగే చేస్తుంది, నీళ్లు తగులుతున్నన్నాళ్లు ఉబ్బి బిగువుగా ఉంటుంది, వారం రోజులు నీళ్లు బందైతే ఎండి ముడుచుకుని కారడం మొదలుపెడుతుంది. అందుకేగా స్వామి వెళ్లేరోజు చేయి పట్టుకుని చెప్పింది. "దీనిని పరుండబెట్టి ఉంచుము. మంచి దినము వచ్చినప్పుడు తెరువుము." పడుకోబెట్టాలి, అప్పుడే లోపలిది బిరడాను తడుపుతుంది, గాలి పోదు. ఇశ్రాయేలు పడుకోబెట్టాడు. బీరువా అడుగు అరలో, పాత గుడ్డ మీద, జాగ్రత్తగా. మర్నాడు చూస్తే నిలబడి ఉంది.

తనే మరిచిపోయాననుకుని మళ్లీ పడుకోబెట్టాడు. మళ్లీ నిలబడింది. మూడోసారి లీలమ్మను అడిగాడు. "మంచి వస్తువుని గట్ల పండవెడ్తరా ఏంది?" అంది. స్వామి చెప్పింది చెప్పాడు, బిరడా సంగతి, వాషర్ సంగతి. అంతా విని, చీపురు గోడకు ఆనించి, అతడి వైపు తిరగకుండా, "పండుకున్న సీసను చూస్తె నాకు నువ్వే యాదికొస్తవ్," అంది. అంతే. దబీర్‌పురా స్టేషన్ గేటు అవతల, తిప్ప మీద, నోరు తెరుచుకుని, చొక్కా అంతా మట్టితో పడి ఉన్న తనను లీలమ్మ వెతుక్కుంటూ వచ్చిన పొద్దు ఒకటి ఉంది. పాలమ్మే రుక్మాబాయి తన బండిలో చోటిచ్చింది, పాల క్యాన్ల మధ్య వేసుకుని ఇంటికి తెచ్చారు, దారి పొడుగునా లీలమ్మ అతడి తల క్యానుకు కొట్టుకోకుండా అరచేయి అడ్డం పెట్టిందని తరవాత రుక్మాబాయి చెప్పింది. అతడికి అదేదీ గుర్తు లేదు, చెవికి ఆనిన చల్లటి ఇత్తడి గుర్తుంది. తెలివొచ్చాక ఆమె చెంబుడు నీళ్లు ఇచ్చి, "నా మీద ఒట్టు వద్దు, గది నువ్వు రోజు ఏస్తున్నవ్. నీ నాలికె మీద ఎయ్యి. చుక్క తగిలితె అది నీది కాదు," అంది. నాలుక బయటపెట్టి, వేలితో ముట్టి, చిన్నపిల్లవాడిలా ఒట్టేశాడు. నవ్వు వచ్చేంత వింతగా ఉంది గానీ ఇద్దరూ నవ్వలేదు. ఆ ఒట్టు నిలిచింది. అందుకే సీసా నిలబడితే నిలబడనిమ్మని ఊరుకున్నాడు. స్వామి మాట పోతే పోయింది, ఆయన సముద్రం అవతల ఉన్నాడు, ఈమె రోజూ ఈ గది ఊడుస్తుంది. ఊడుస్తూ ఆ సీసా మీద దుమ్ము కూడా తుడిచేది, మెడ పట్టుకుని నిటారుగా సర్దేది, బుద్ధిగా ఉండు అన్నట్టు.

అంటే చెడిపోయి ఉంటే, చెడగొట్టింది ఆమే. తన పూజకు పోయవలసినదాన్ని తన చేత్తోనే. ఈ మాట మనసులో పూర్తి కాకముందే అతడు సీసాను దగ్గరికి లాక్కున్నాడు, ఇంకా చూడనిదే చెడిందని ఎందుకనుకోవాలి, ముక్కుంది కదా, ముక్కు అబద్ధమాడదని స్వామి అననే అన్నాడు. మిగిలిన బిరడాను వేలితో లోపలికి తోసి, పొట్టు రాకుండా పలచటి గుడ్డ అడ్డం పెట్టి స్టీలు గ్లాసులో కొంచెం వంచాడు. గ్లాసు తిప్పాడు, స్వామి తిప్పినట్టే, ఎందుకు తిప్పాలో తెలియదు. ముక్కు పెట్టాడు. ముందు మైనం వాసన, సాంబ్రాణి, అవి ఈ గదివి. తరవాత అది వచ్చింది, కంటి మూలల్లో గుచ్చినట్టు, దబీర్‌పురాలో సీకు కబాబుల బండివాడు ఉల్లిపాయ చక్రాల మీద చిలకరించే సిర్కా. అతడు చప్పున తల వెనక్కి తీసుకున్నాడు. లేదు, ఆగు. మళ్లీ పెట్టాడు. ఆ గుచ్చే వాసన వెనకాల ఇంకోటి ఉంది, దూరంగా, ఏదో పండు, ఏదో తడిసిన రాయి. ఉందా? లేక స్వామి ఆ రోజు చెప్పిన మాటలే వాసనలై వస్తున్నాయా? ఆపిల్ పండు వాసన అతడికి ఎప్పుడు తెలిసింది గనక, పెద్దాసుపత్రిలో పక్క మంచం మీది మనిషికి ఎవరో తెచ్చి కోస్తుంటే ఒకసారి, లీలమ్మ కళ్లు మూసుకునే ఉంది, మంచిగున్నది వాసన, అంది, బజారుకు పోయి ఒకటి తెచ్చేసరికి ఆమెకు మింగుడు పడటం లేదు. ఆ వాసనేనా ఇది? అయితే ఉంది. ఆపిల్ పండు ఉంది, సిర్కా కూడా ఉంది, రెండూ ఉన్నాయి, ముక్కు ఇద్దరు సాక్షుల్ని తెచ్చి ఎదురెదురుగా నిలబెట్టింది.

గోడ అవతల గుసగుస ఆగి, మళ్లీ మొదలైంది. ఇంకొకరు. చాప మీద జనం చేరుతున్న అలికిడి, ఎవరిదో గాజుల చప్పుడు, నాగమణమ్మ గొంతు. లీలమ్మ అక్క ఆమె, దబీర్‌పురా నుంచి ఎండలో నడిచి వచ్చింది. వీళ్లంతా పూజకు వచ్చారు. ఇక మిగిలింది నాలుక. ఒట్టు వేసిన నాలుక. ఆమె కోసమే ఆమెకిచ్చిన మాట తప్పాలి. ఫాదర్‌కి ముందే చెప్పాల్సింది, నావల్ల కాదు ఫాదర్, నా నాలుక నాది కాదు అని, చెబితే ఎందుకని అడిగేవారు, ఎందుకో చెబితే తిప్ప మీద పడుకున్న ఆ మనిషి ఈ గుడిలోకి వచ్చి కూర్చునేవాడు. ఫాదర్‌కి తెలియని ఆ మనిషి మీద ఇశ్రాయేలుకి జాలి, అసహ్యం, భయం. ఎక్కువ భయమే. ఒక్క చుక్కతో వాడు లేచి వస్తే? ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. పిల్లలు కలగలేదు, ఆమె ఒక్కతే, ఆమె పోయింది. కిషన్‌బాగ్ ఎక్కడికీ పోలేదు. లీలా, అనుకున్నాడు, ఇది తాగడం కాదు, చూడటం. చూసి ఉమ్మేస్తా. గ్లాసు ఎత్తాడు.

పులుపు. ముందు పులుపు, పళ్లు జివ్వుమన్నాయి, దవడలు ముడుచుకుపోయాయి, తరవాత నాలుక అంచుల మీద ఏదో తీపి మిగిలి, తీపి కాదు, తీపి ఉండిపోయిన చోటు, ఖాళీ చేసిన ఇంట్లో గోడ మీద ఫోటో ఉన్నచోటు తెల్లగా మిగిలినట్టు. ఉమ్మలేదు. మింగేశాడు. గొంతు అతడిని అడగకుండానే మింగేసింది, మింగి, ఇంకా అంది. లోపల ఎన్నో ఏళ్లుగా పడుకున్న కుక్క చెవులు రిక్కించింది. చేయి గ్లాసును మళ్లీ నోటికి తెచ్చింది, ఒక్కసారికి తేలదు కదా, రెండోసారి చూడాలి, తీర్పు చెప్పేవాడు రెండుసార్లు చూడాలి, అని లోపల ఎవరో నచ్చజెబుతున్నారు, ఆ గొంతు అతడికి బాగా తెలుసు, కాంపౌండులో రోజూ ఆ గొంతే మాట్లాడేది. రెండో గుక్క మింగాడు. అది పరీక్ష కోసమో దాహం కోసమో అతడికి తెలియదు, ఎప్పటికీ తెలియదు. గ్లాసు బల్ల మీద పెట్టి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

కడుపులోకి ఏదో దిగుతుందని ఎదురుచూశాడు. కల్లు ఎంత పులిసినా కల్లే, పొద్దున తీయగా ఉండి సాయంత్రానికి నోరు పెట్టలేనంత పులిసినా, గొంతు దాటాక కడుపులో చిన్న నిప్పు పెడుతుంది, చెవుల దాకా పాకుతుంది. ఇది పాకలేదు. గొంతులోనే గీరి, అక్కడే ఆగి, చల్లారిపోయింది. నిప్పు లేదు. సీసాలో ఉన్నది నిప్పు ఆరిపోయిన నీళ్లు. కన్ను ముదురు రంగని అంది, ముక్కు రెండు మాటలు చెప్పింది, నాలుక తనకు కావలసింది చెప్పబోయింది, కడుపు మాత్రం ఒక్కటే మాట చెప్పింది, తాగుబోతు కడుపు, దానికి అబద్ధం చెప్పడం రాదు. సిర్కా. పూర్తిగా సిర్కా. ఆ కుక్క ఒకసారి మూలిగి మళ్లీ పడుకుంది. అతడికి ప్రాణం తెరిపిన పడింది, ఆ వెంటనే, తెరిపిన పడినందుకు ఏడుపు వచ్చింది. పూజ లేదు. తారీఖు దాటిపోతుంది. మళ్లీ దాటించాడు.

లేదు, ఇంకా దాటలేదు. ఎవరికి తెలుసు? ఫాదర్ ముక్కు మూసుకుపోయింది. గిన్నెలో పోసేది నాలుగు చుక్కలు, అందులో నీళ్లు కలుపుతారు, తాగి మొహం చిట్లిస్తారు, పాతది కదా అనుకుంటారు. బాగుంది ఫాదర్, అంటే చాలు. గంట కొడతారు, లీలమ్మ పేరు చదువుతారు, నాగమణమ్మ కళ్లొత్తుకుంటుంది, అందరూ ఇంటికి పోతారు, నెలదినం నెలదినం నాడే అయిపోతుంది. దేవుడికి తెలుసు, సరే, దేవుడు చాలా వాటికి ఊరుకున్నాడు. కానీ ఆ ప్లాట్‌ఫారం మీద మూట పక్కన కూర్చున్న మనిషికి తెలియదా? ఇంట్లో కూర పాచివాసన వస్తే ఆమె బిచ్చగాడికి కూడా పెట్టేది కాదు, ఆకలైనోనికి చెడిపోయింది పెడ్తె పెట్టనట్టు గాదు, మోసం చేసినట్టు, అనేది, మూలకు కూర్చుని తానే తినేది. తనకైతే చెడింది పెట్టుకునేది. ఇప్పుడు అతడు పెడితే కూడా తింటుందేమో, ఏమీ అనకుండా, ఎప్పటిలా. ఇన్నాళ్లు ఆమెకు అతడు పెట్టినవన్నీ చెడిపోయినవే, పాచి మాటలు, పులిసిన ఒట్లు, ఆమె అన్నీ తిన్నది.

తలుపు తోసుకుని ఫాదర్ ఇన్నయ్య వచ్చారు, మెడలో ఊదా రంగు పట్టీ, చేతిలో రుమాలు. బల్ల మీది బిరడా పొట్టును చూసి ఆగారు.

"ఎలా ఉందండీ?"

"పులుపెక్కింది ఫాదర్."

ఫాదర్ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించారు. వయసులో చిన్నవాడు, గుంటూరు వైపు మనిషి, ఈ నెలంతా ఇశ్రాయేలు ఇంటికి రోజూ వచ్చి కూర్చున్నవాడు. "కొంచెం పులుపా, పూర్తిగా పోయిందా? అదొక్కటే చెప్పండి. కొంచెమే అయితే చేసేద్దాం, తప్పయితే నేను చూసుకుంటాను. ఇంతమంది వచ్చారు. ఆవిడ కూడా..." అని ఊరుకున్నారు.

కొంచెం. ఆ ఒక్క మాట చాలు. నాలుక చివరే ఉంది, అబద్ధం కూడా కాదు దాదాపు, ఫాదరే నోటికి అందించారు. ఇశ్రాయేలు ఆయన మొహం చూశాడు, మంచి మనిషి, ఆ మంచితనం మీద కోపం వచ్చింది.

"పూర్తిగ పోయింది ఫాదర్. సిర్కా."

ఫాదర్ మెడలోని పట్టీ తీసి ముద్దుపెట్టుకుని మడిచారు. "అదెలా పోయిందండీ? స్వామి పడుకోబెట్టి ఉంచమన్నారని మీరే చెప్పారు కదా."

"చెప్పిండ్రు. నేనే నిలవెట్టిన. నాకు ఎర్కలేక."

ఈసారి చెప్పింది అబద్ధం, అది మాత్రం నోట్లోంచి సాఫీగా వచ్చింది. సరే, జపమాల చెబుదాం, పార్సిల్ వచ్చిన రోజే పూజ పెడదాం, అన్నారు ఫాదర్, వెళ్లి నేనే చెబుతాను జనానికి. వద్దన్నాడు ఇశ్రాయేలు. దాటించింది తను, చెప్పవలసింది తను.

గుడిలో చాపల మీద ఒకపక్క మగవాళ్లు, ఒకపక్క ఆడవాళ్లు. వెనక గోడకు ఆనుకుని నెత్తిన కొంగు కప్పుకుని రుక్మాబాయి, కుంకుమ బొట్టుతోనే, పాలు పితకవలసిన వేళ వదులుకుని వచ్చింది. ఇశ్రాయేలు నిలబడి, ఇయ్యాల పూజ లేదు, పూజకు పెట్టిన ద్రాక్షరసం చెడిపోయింది, అన్నాడు. గొణుగుడు లేచింది. నాగమణమ్మ ముందు వరసలోంచి లేచి దగ్గరికి వచ్చింది, ఏదో అడగబోయి, ముక్కు ఎగబీల్చి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏంది మరిదీ నీ నోట్ల వాసన?"

ఆడవాళ్ల తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె ఇంకా గట్టిగా అంది. "తాగినవా? దాని పూజకు పెట్టింది నువ్వే తాగినవా?"

పాత మనుషులందరికీ ఆ పాత మనిషి గుర్తొచ్చాడని వాళ్ల కళ్లలో కనిపించింది. ఫాదర్ ముందుకు రాబోయారు. ఇశ్రాయేలు చేయి అడ్డం పెట్టాడు.

"తాగిన వదినె. రెండు గుక్కలు. మంచిగున్నదా లేదా చూడుమన్నరు, చూసిన. మంచిగ లేదు. మంచిగ లేనిది దానికి ఎట్ల పెడ్త?"

నాగమణమ్మ నమ్మిందో లేదో తెలియదు. కోపం ఎక్కడికో పోయి, వట్టి దుఃఖం మిగిలింది ఆమె మొహంలో. "మరి నా చెల్లె? నెలదినం దాటిపోతున్నది. ఎవ్వలు లేక గాడ ఎన్నొద్దులని ఆగుతది అది?"

"ఆగుతది వదినె," అన్నాడు ఇశ్రాయేలు. "నేను మనిషినయ్యేదాంక పన్నెండేండ్లు ఆగింది. రైళ్లు నడిచేదాంక ఆగదా?"

చెప్పి పీఠం వైపు వెళదామనుకున్నాడు, కొవ్వొత్తులు వెలిగించడం అతడి పని. కానీ అక్కడే, ఆడవాళ్ల చాప మీదే, కూలబడ్డాడు, నెల రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నాగమణమ్మ అతడి పక్కన కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, జపమాల తానే మొదలుపెట్టింది.